ఉరికంబం నుంచి ఓడ దాకా



ఉరికంబం ఎక్కిన కథానాయకుణ్ణి బతికించడానికి సినిమావాళ్ళ దగ్గర ఒకటి రెండు పాత ఉపాయాలున్నాయి. క్షమాభిక్ష కాగితం పట్టుకుని గుర్రం మీద ఒకడు దుమ్ము రేపుకుంటూ రావాలి. లేకపోతే అసలు దోషి చివరి నిమిషంలో గుండె కరిగి నిజం ఒప్పేసుకోవాలి. 1911లో అమెరికాలో విడుదలైన ‘రోరీ ఓమోర్’ అనే మూకీ చిత్రంలో ఈ రెండూ జరగవు. చావబోయేవాడి కోసం ప్రార్థన చదవడానికి వచ్చిన ఫాదర్ ఉన్నాడు కదా, ఆయనే ఖైదీ కట్లు విప్పేస్తాడు. ఖైదీ ఉడాయిస్తాడు. తూటా ఫాదర్‌కి తగులుతుంది. పారిపోయినవాడు ప్రేయసితో కలిసి ఓడెక్కి అమెరికా చేరుకుంటాడు. శుభం కార్డు.

ఈ ముగింపు గురించే ఇవాళ నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. సినిమా మొత్తం ఒక్క రీలు. అందులో ముగింపు ఎంతసేపు ఉంటుంది? కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. కాని ఆ కాస్తలో ఒక జాతి తన గురించి తాను ఏం నమ్మాలనుకుందో మొత్తం ఉంది.

ముందు కథ. 1798లో ఐర్లాండ్‌లో ఇంగ్లీషు పాలన మీద పెద్ద తిరుగుబాటు జరిగింది. కథాకాలం అదే. రోరీ ఓమోర్ తిరుగుబాటుదారు, అతని తల మీద బహుమానం ఉంది. కాథ్లీన్ అనే అమ్మాయిని ప్రేమించాడు. అదే అమ్మాయి మీద బ్లాక్ విలియం అనేవాడికీ కన్నుంది. వాడు వెళ్ళి సైనికులకు సమాచారం చేరవేస్తాడు. ఒక్క దెబ్బతో డబ్బూ దక్కుతుంది, పోటీదారూ పోతాడు. సైనికులు తరుముతారు. రోరీ దాదాపు తప్పించుకున్నట్టే. ఇంతలో వెంటపడిన సైనికుల్లో ఒకడు నీళ్ళలో మునిగిపోతుంటే వెనక్కి తిరిగి వాణ్ణి ఒడ్డుకు చేరుస్తాడు, ఆ ఆలస్యంతో దొరికిపోతాడు. ప్రాణం దక్కినవాడు కోర్టులో రోరీ తరఫున మొరపెట్టుకున్నా న్యాయమూర్తి వినడు. ఐర్లాండ్ కోసం పోరాడటమే నేరమైతే నేను నేరస్థుణ్ణే అని రోరీ నిలబడతాడు. ఉరిశిక్ష పడుతుంది. ఆ తర్వాతిది ఇందాక చెప్పాను.

పేరు విషయంలో ఒక తిరకాసు ఉంది. చరిత్రలో రోరీ ఓమోర్ నిజంగానే ఉన్నాడు, కాని అతను 1641 నాటి తిరుగుబాటు మనిషి. 19వ శతాబ్దంలో శామ్యూల్ లవర్ అనే రచయిత ఆ పేరుతో పాట రాశాడు, తర్వాత 1837లో నవల రాశాడు, కథను 1798కి తెచ్చాడు. అది జనం నోళ్ళలో నానింది. సినిమావాళ్ళు ఆ పేరుకున్న పలుకుబడిని వాడుకున్నారు. చరిత్ర పాఠం చెప్పాలని వాళ్ళు బయల్దేరలేదు లెండి.

తీసినవాళ్ళు ఐర్లాండ్ వాళ్ళు కారు. న్యూయార్క్‌లోని కేలెం కంపెనీ వాళ్ళు. దర్శకుడు సిడ్నీ ఆల్కాట్ కెనడాలో టొరంటోలో పుట్టాడు, తల్లి వైపు ఐరిష్ రక్తం. ఈ చిత్రానికి రాబర్ట్ విన్యోలా పేరు కూడా దర్శకుడిగా చెబుతారు. కాథ్లీన్ వేషం వేసిన జీన్ గాంటియర్ ఒట్టి నటి కాదు. ఆ కంపెనీ కథల్లో చాలా భాగం ఆవిడే రాసేది. 1907లో ‘బెన్ హర్’ నవలను అనుమతి అడక్కుండా సినిమాగా రాసిపెట్టి, అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కాపీరైట్ కేసుకు కారణమైంది కూడా ఆవిడే. ఆ కేసులో కంపెనీ ఓడిపోయింది, అదీ 1911లోనే. రోరీగా వేసినతను జాక్ క్లార్క్, తర్వాత గాంటియర్ భర్త అయ్యాడు. 1910లో ఈ బృందం మొదటిసారి అట్లాంటిక్ దాటి ఐర్లాండ్ వచ్చింది. కథాచిత్రం తీయడానికి అమెరికా కంపెనీ సముద్రం దాటడం అదే మొదలని సినిమా చరిత్రకారులు చెబుతారు. మరుసటి వేసవికి మళ్ళీ వచ్చి, నైరుతి మూలన కెర్రీ జిల్లాలో కిల్లార్నీ సరస్సుల దగ్గర బోఫర్ట్ అనే పల్లెలో మకాం పెట్టారు. కొండలు, సరస్సులు, రాతిగోడల ఇళ్ళు అన్నీ సిద్ధంగా ఉన్నాయి, సెట్టింగు ఖర్చు లేదు. ఇంటి లోపలి దృశ్యాలకు మాత్రం ఆరుబయట వేదిక కట్టుకుని ఎండ వెలుగులోనే కానిచ్చారు. చిన్న చిన్న వేషాలు ఊరివాళ్ళకే ఇచ్చారు. ఐరిష్ సినిమాలు వరసపెట్టి తీస్తున్నారని కేలెం వాళ్ళకు ‘ఓ కేలెమ్స్’ అనే ముద్దుపేరు కూడా వచ్చింది.

నిజానికి 1798 యుద్ధభూమి కెర్రీ కాదు. పెద్ద పోరాటాలు జరిగింది తూర్పున వెక్స్‌ఫర్డ్‌లో, ఉత్తరాన ఆంట్రిమ్‌లో, ఫ్రెంచి సైన్యం దిగిన పడమటి తీరం మేయోలో. కాని కిల్లార్నీ అందమైన చోటు. అమెరికాలో ఉన్న ఐరిష్‌వాడికి ఊరు గుర్తొస్తే మనసులో మెదిలే బొమ్మ అది. సినిమాకి అది చాలు.

ఆ వేసవి ముచ్చట ఒకటి గాంటియర్ జ్ఞాపకాల్లో ఉంది. అక్కడి చర్చి ఫాదర్ ఆదివారం ప్రసంగంలో ఈ సినిమావాళ్ళ మీద విరుచుకుపడ్డాడట. ముఖాలకు రంగు పూసుకుని తిరిగే ఈ దేశదిమ్మరులు మన పవిత్ర స్థలాలను అపవిత్రం చేస్తున్నారని నిప్పులు చెరిగాడట. ఊరివాళ్ళు మొహం చాటేశారు, పని ఆగింది, పైవాళ్ళు కల్పించుకుంటే గాని సర్దుబాటు కాలేదు. ఇక్కడ నాకు నవ్వొస్తుంది. తెర మీదేమో ఫాదర్ తిరుగుబాటుదారుడి కోసం ప్రాణమిస్తున్నాడు. తెర వెనకేమో ఫాదర్ సినిమావాళ్ళని ఊళ్ళోంచి తరుముతున్నాడు.

తెర మీది ఫాదర్ ఓబ్రయన్ దగ్గరికే వద్దాం. ఈ ముగింపులో నన్ను పట్టి కుదిపేది రోరీ కాదు, ఆయనే. 1911 నాటి కెమెరా కదలదు, మనుషులు తల నుంచి పాదం దాకా కనిపిస్తారు, ముఖం దగ్గరగా చూపించే అలవాటు ఇంకా రాలేదు. అందుకని ఫాదర్ మనసులో ఏముందో చదువుకోవడానికి మనకు ముఖం దొరకదు, చేతులే దొరుకుతాయి. ప్రార్థనకు వచ్చిన చేతులు కట్ల మీదికి వెళతాయి. అంతే. ముందు సూచన లేదు, ఊగిసలాట లేదు. ఆ పనికి శిక్ష ఏమిటో ఆయనకు తెలుసు. సినిమా మాత్రం ఆయన దగ్గర ఎక్కువసేపు ఆగదు. రోరీ వెంట పరుగెత్తాలి, ఓడ వేచి ఉంది. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది. ఇద్దరు ప్రేమికుల సుఖానికి బిల్లు ఫాదర్ చెల్లించాడు, సినిమా రసీదు కూడా ఇవ్వకుండా వెళ్ళిపోయింది.

చరిత్ర తెలిసిన ప్రేక్షకుడికి మాత్రం ఫాదర్ ఓబ్రయన్ వెనక ఇంకొకరు కనిపించి ఉంటారు. 1798లో వెక్స్‌ఫర్డ్ రైతులకు నాయకత్వం వహించినవాళ్ళలో ఫాదర్ జాన్ మర్ఫీ ఒకరు. ఆ జూలైలో టల్లో పట్నంలో ఆయన్ని ఉరి తీశారు, తల నరికారు, మొండేన్ని తగలబెట్టారు. సినిమాలో ఒక్క తూటాతో సరిపెట్టారు.

మరి అమెరికా ఎందుకు? రోరీ కొండల్లో దాక్కోవచ్చు, మళ్ళీ దండు కూడగట్టవచ్చు. సినిమా అతన్ని అటు పంపదు. ఎందుకంటే టికెట్ కొన్నవాడు అమెరికాలో కూర్చుని ఉన్నాడు. న్యూయార్క్, బోస్టన్, చికాగో నగరాల్లో ఐదు సెంట్లకు ఆట చూపించే చిన్న హాళ్ళు అవి. అక్కడ చేరేది కూలీలు, ఇంటిపనివాళ్ళు, పోలీసులు, రేవులో మూటలు మోసేవాళ్ళు. వాళ్ళలో ఐరిష్‌వాళ్ళు లెక్కలేనంత మంది. 1841లో 80 లక్షలు దాటిన ఐర్లాండ్ జనాభా, ఈ సినిమా వచ్చిన 1911 నాటికి 44 లక్షలకు దిగిపోయింది. 1845లో మొదలైన బంగాళదుంప కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, ఇంకో 10 లక్షల మంది దేశం వదిలారు. ఆ తర్వాత కూడా వలస ఆగలేదు. అంటే హాల్లో కూర్చున్న ఐరిష్‌వాడు తనో, తన తండ్రో, తాతో ఓడ దిగి వచ్చినవాడు.

ఇప్పుడు ఆ ఓడను అతని కళ్ళతో చూడండి. నిజానికి అతని తాత ఎందుకొచ్చాడు? తిండి లేక వచ్చాడు. కౌలు కట్టలేక భూస్వామి ఇంట్లోంచి గెంటేస్తే వచ్చాడు. అది చెప్పుకోవడానికి చిన్నతనం. సినిమా వచ్చి, కాదురా, మీ తాత ఉరితాడు తప్పించుకుని వచ్చాడు, వీరుడై వచ్చాడు, పక్కన ప్రేమించిన పిల్లను తెచ్చుకున్నాడు అని చెప్పింది. ఆకలితో ఎక్కిన ఓడ తిరుగుబాటుతో ఎక్కిన ఓడ అయింది. ఆ ఐదు సెంట్లకు అతను కొనుక్కున్నది అదీ. అబద్ధమంటారా? అందరికీ వర్తింపజేస్తే అబద్ధమే. కొందరి విషయంలో నిజం కూడాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, 1798 తర్వాత అమెరికా చేరిన తిరుగుబాటుదారులు నిజంగానే ఉన్నారు. సినిమా ఆ కొద్దిమంది కథను అందరికీ పంచిపెట్టింది.

ఇదే కంపెనీ అంతకు ముందటేడు తీసిన ‘ది లాడ్ ఫ్రమ్ ఓల్డ్ ఐర్లాండ్’ ముగింపు సరిగ్గా తిరగబడి ఉంటుంది. అందులో కుర్రాడు అమెరికా వెళ్ళి డబ్బు గడించి, తిరిగొచ్చి, ప్రేయసిని ఇంట్లోంచి గెంటేయబోతుంటే ఆదుకుని పెళ్ళి చేసుకుంటాడు. ఒకదాంట్లో అమెరికా డబ్బిస్తుంది, ఇంకోదాంట్లో ప్రాణమిస్తుంది. ఐర్లాండ్‌లోనే ఉండి, పోరాడి, బతికి, కాపురం చేసుకునే దారి మాత్రం రెండింట్లోనూ లేదు.

ఐర్లాండ్‌లో ప్రేమా తిరుగుబాటూ కలిసిన నిజమైన కథ ఒకటుంది. దాని ముగింపు ఎలా ఉందో వింటే, సినిమా ఏం దాచిపెట్టిందో తెలుస్తుంది. రాబర్ట్ ఎమ్మెట్ 1803 జూలై 23న డబ్లిన్‌లో తిరుగుబాటు లేపాడు. అది ఒక్క రాత్రిలో చతికిలపడింది. విక్లో కొండల్లోకి వెళ్ళిపోయాడు. అక్కణ్ణించి దేశం దాటే వీలుంది. కాని సారా కరన్ అనే అమ్మాయి ఉండే చోటికి దగ్గరగా ఉండాలని డబ్లిన్ శివారు హెరాల్డ్స్ క్రాస్‌కి తిరిగొచ్చాడు. ఆగస్టు 25న పట్టుబడ్డాడు. దగ్గర సారా ఉత్తరాలు దొరికాయి. ఆమె పేరు బయటికి రాకుండా చూస్తే నేరం ఒప్పేసుకుంటానని బేరం పెట్టాడు. సెప్టెంబరు 20న థామస్ వీధిలో ఉరి తీసి తల నరికారు. ఏ ఫాదరూ కట్లు విప్పలేదు. సారా 1805లో ఇంకొకర్ని పెళ్ళి చేసుకుంది, అతను బ్రిటిష్ సైన్యంలో అధికారి. 1808లో చనిపోయింది. ఎమ్మెట్ అన్న థామస్ మాత్రం న్యూయార్క్ చేరి, పెద్ద న్యాయవాది అయి, 1812లో ఆ రాష్ట్రానికి అటార్నీ జనరల్ అయ్యాడు. ఓడ ఉంది, నిజమే. ప్రేమికుడు దాన్ని ఎక్కలేదు.

ఎమ్మెట్ ఇంట్లో పనిమనిషిగా ఉంటూ కబుర్లు చేరవేసిన ఆన్ డెవ్లిన్ గురించి చెప్పకపోతే ఈ మాట పూర్తి కాదు. సైనికులు ఆమెను చిత్రహింసలు పెట్టారు, ఆమె నోరు విప్పలేదు. 1806 దాకా జైల్లో ఉంచారు. 1851లో డబ్లిన్‌లో పేదరికంలో పోయింది. సినిమాల్లో ప్రతి పల్లెకూ ఒక బ్లాక్ విలియం ఉంటాడు, పట్టిచ్చేవాడు లేకపోతే కథ నడవదు. పట్టివ్వనివాళ్ళు తెర మీదికి ఎక్కడానికి చాలా కాలం పట్టింది.

‘రోరీ ఓమోర్’ అధికారులకు నచ్చలేదు. వాళ్ళ నుంచి అభ్యంతరాలు రావడంతో ఇలాంటి కథలు ఇక వద్దని కంపెనీ ఆల్కాట్‌కి చెప్పిందని చరిత్రకారులు రాశారు. అతను వింటేగా! గాంటియర్‌తో కలిసి కేలెం నుంచి బయటికొచ్చేసి, 1913లో మళ్ళీ కెర్రీ వెళ్ళి ‘ఫర్ ఐర్లాండ్స్ సేక్’ తీశాడు. అందులోనూ ప్రేమికులు, సైనికులు, జైలు, సాయపడే ఫాదర్, ఆఖరికి అమెరికా. అచ్చు అదే దారి.

అమెరికాలో చప్పట్లు కొట్టించే ముగింపు ఐర్లాండ్‌లో ఏం చేస్తుందో 1917లో తేలింది. వాల్టర్ మెక్‌నమారా తీసిన ‘ఐర్లాండ్ ఎ నేషన్’లో ఎమ్మెట్ కథ ఉంది. ఆ జనవరిలో డబ్లిన్‌లోని రొటండా హాల్లో వేస్తే, అధికారులు కంగారుపడే చోటల్లా జనం కేకలు వేశారు. రెండు రోజులకే సైనికాధికారులు ఆట నిలిపేశారు. అప్పటికి డబ్లిన్‌లో బ్రిటిష్ పాలన మీద ఈస్టర్ తిరుగుబాటు జరిగి ఏడాది కూడా కాలేదు. ఆ తిరుగుబాటు రోజుల్లో మన తెలుగువాడొకడు డబ్లిన్‌లోనే ఉన్నాడు. బరంపురం నుంచి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి వెళ్ళిన వరాహగిరి వెంకటగిరి. ఐరిష్ ఉద్యమకారులతో దగ్గరతనం వల్ల 1916లో దేశం వదిలి పొమ్మన్నారు. ఆయన ఇటు వచ్చి కార్మికోద్యమం నడిపాడు, 1969లో మన రాష్ట్రపతి అయ్యాడు. ఇంకో ఏడెనిమిది నెలలు అక్కడ ఉండి ఉంటే రొటండా గోల ఆయన చెవిన పడేదే.

ఐర్లాండ్ తన ముగింపు తాను రాసుకోవడానికి 1926 దాకా ఆగాల్సి వచ్చింది. ఐజాక్ ఎప్పెల్ అనే డబ్లిన్ మనిషి సొంత డబ్బు పెట్టి, జార్జ్ డ్యూహర్స్ట్ దర్శకత్వంలో ‘ఐరిష్ డెస్టినీ’ తీయించాడు. ఈస్టర్ తిరుగుబాటుకు పదేళ్ళు నిండే ఈస్టర్‌కి విడుదల చేశాడు. ఇందులో డెనిస్ అనే యువకుడు, మొయిరా అనే అమ్మాయి, ఆమె మీద కన్నేసిన దుర్మార్గుడు. పాత్రలు పాతవే. డెనిస్ కరాగ్ సైనిక శిబిరంలో బందీ అవుతాడు. కొడుకు చనిపోయాడనుకుని తల్లి కళ్ళు పోగొట్టుకుంటుంది. డెనిస్ తప్పించుకుని ఊరు చేరతాడు, మొయిరాను దుర్మార్గుడి చెర నుంచి విడిపిస్తాడు. అప్పుడు బ్రిటిష్‌వాళ్ళతో జరుగుతున్న యుద్ధంలో కాల్పుల విరమణ వార్త వస్తుంది. అంటే 1921 జూలై 11. ఈసారి ఓడ లేదు. ప్రేమికులు ఇంట్లోనే ఉంటారు. రోరీకి దొరకనిది డెనిస్‌కి దొరికింది.

కాని సినిమా ఎక్కడ ఆగిందో చూడండి. కాల్పుల విరమణ దగ్గర ఆగింది. హాల్లో ఉన్న ప్రతివాడికీ తర్వాతి కథ తెలుసు. ఆ డిసెంబరులో బ్రిటన్‌తో ఒప్పందం, దాని మీద చీలిక, 1922 జూన్‌లో అన్నదమ్ముల యుద్ధం. నిన్నటి దాకా పక్కపక్కన పోరాడినవాళ్ళు ఒకర్నొకరు కాల్చుకున్నారు. ఒప్పందం మీద సంతకం చేసిన నాయకుడు మైకేల్ కాలిన్స్ ఆగస్టులో హతుడయ్యాడు. కొత్త ప్రభుత్వం 70 మందికి పైగా పాత సహచరుల్ని కాల్చి చంపించింది. 1923 మేలో గాని అది చల్లారలేదు. మూడేళ్ళ కిందటి ఆ పచ్చి గాయాన్ని సినిమా తాకలేదు. ఏ రోజు దాకా అందరూ ఒక్కటిగా ఉన్నారో ఆ రోజు మీదే తెర దించేసింది. దీన్ని పిరికితనం అనేవాళ్ళున్నారు. నేననను. ఆ హాల్లో రెండు పక్షాలవాళ్ళూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని చూడాలి మరి. కాని రోరీ ఓడ ఎంత అబద్ధమో డెనిస్ ఇల్లూ అంత అబద్ధం. ఒకటి ఊరు దాటించి సుఖాంతం చేసింది, ఇంకోటి తేదీ చూసుకుని సుఖాంతం చేసింది.

ఎప్పెల్‌కి ఆ సినిమా కలిసిరాలేదు. బ్రిటన్‌లో సెన్సారు ఒప్పుకోలేదు, తర్వాత కత్తిరింపులతో వేరే పేరు పెట్టి చూపించారు. చేతులు కాల్చుకున్నాడు. చిత్రం కూడా కనుమరుగైపోయింది. 1991లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ప్రింటు ఒకటి బయటపడితే, ఐర్లాండ్ తెచ్చుకుని బాగుచేసుకుంది.

రెండింట్లో ఏది మేలైన ముగింపు అని అడిగితే, నా ఓటు 1911 నాటి ఒక్క రీలుకే. డెనిస్ సుఖాంతానికి ఎవరూ తమంత తాముగా మూల్యం చెల్లించరు. రోరీ సుఖాంతానికి ఒక మంచివాడు చెల్లిస్తాడు, అది మన కళ్ళ ముందే జరుగుతుంది, సినిమా తొందరపడి ముందుకెళ్ళిపోయినా మనం వెళ్ళలేం.

‘రోరీ ఓమోర్’ పోలేదు, దొరుకుతుంది. ఐర్లాండ్‌లో తీసిన కేలెం చిత్రాల్లో మిగిలినవాటిని 2011లో ఒకచోట చేర్చి డీవీడీగా తెచ్చారు. ఇంతసేపూ నా మాటలు విన్న ఓపిక మీకుంటే అది చూడటానికి అంతకన్నా తక్కువే చాలు. చూసేటప్పుడు రోరీని కాసేపు వదిలిపెట్టి, ఉరికంబం దగ్గర ఫాదర్ చేతులు గమనించండి.